కరివేపాకు నుంచి సీతాకోకచిలుకల గృహం దాకా

సీతాకోకచిలుకల గృహం అంటే, సందర్శకులు లోపలికి నడిచి వెళ్లి, తమ చుట్టూ స్వేచ్ఛగా ఎగిరే సీతాకోకచిలుకలను చేతికందే దూరంలో చూడగలిగేలా, సన్నని వలతోనో, గాజుతోనో, పాలీకార్బనేట్ రేకులతోనో పైకప్పు వేసి కట్టిన తోట. జంతుప్రదర్శనశాలలో సాధారణంగా ప్రాణి కంచెకు లోపల, మనిషి బయట ఉంటే, ఇక్కడ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటారు కనుక, చిన్నపిల్లలకు ఈ సందర్శన మిగతా వాటికన్నా ఎక్కువగా మనసుకు పడుతుంది. ఇటువంటి గృహాలు ప్రజల కోసం తెరుచుకోవడం 1970ల దశాబ్దంలో, ఇంగ్లిష్ చానల్‌లోని గర్న్‌సీ దీవిలో, అంతకుముందు టమాటాలు పండించి వదిలేసిన ఒక గాజుగృహంలో మొదలైంది. అక్కడి నుంచి ఆ పద్ధతి ఐరోపా, అమెరికా నగరాలకూ, ఆపై ఆసియాకూ పాకింది. దక్షిణ భారతదేశంలో బెంగళూరు శివార్లలోని బన్నేరుఘట్టలో 2006లో ఏడున్నర ఎకరాల్లో సీతాకోకచిలుకల ఉద్యానం ఏర్పడగా, తమిళనాడు అటవీశాఖ 2015లో తిరుచిరాపల్లి దగ్గర, కావేరీ కొళ్లిడం నదుల నడుమ ఉన్న శ్రీరంగం ప్రాంతంలో, దాదాపు పాతిక ఎకరాల విస్తీర్ణంలో మరొకదాన్ని ప్రారంభించింది. కప్పు ఉన్న గృహం, కప్పు లేని తోట, గుడ్ల దశ నుంచి పురుగులను పెంచే ప్రయోగశాల అన్నీ అక్కడ ఒకే ఆవరణలో ఉన్నాయి.

తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాల్లోనూ, వాటి చుట్టూ ఉన్న పళ్లిపట్టు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు గ్రామాల్లోనూ తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఈ కుటుంబాలకు సెలవురోజు పిల్లలతో ఒక్క పూటలో వెళ్లి రాగలిగిన దూరంలో ఉన్నది చెన్నై దక్షిణపు అంచున వండలూరులోని అరిజ్ఞర్ అన్నా జంతుప్రదర్శనశాల. మద్రాసులో 1855లో మొదలైన జంతుశాల, నగరం నడిబొడ్డున చోటు చాలక వండలూరుకు తరలి 1985లో అక్కడ తెరుచుకుంది. ఆరు వందల హెక్టార్లకు పైబడిన ఆ ఆవరణలో సీతాకోకచిలుకల కోసమే మొక్కలు పెంచిన భాగం కూడా ఉంది. తిరువళ్లూరు నుంచి బయలుదేరేవారు పట్టాభిరాం దగ్గర నెమిలిచ్చేరిలో బయటి వలయ రహదారి ఎక్కితే, నగరం రద్దీలో చిక్కుకోకుండా నేరుగా వండలూరు చేరవచ్చు. జంతుశాలకు మంగళవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించాలి. సీతాకోకచిలుకల భాగం వెళ్లదలచిన రోజు సందర్శకులకు తెరిచి ఉంటుందా అన్నది ముందుగా ఫోన్‌లో విచారించుకోవడం, పిల్లలను గేటు దగ్గర నిరాశపరచకుండా ఉండటానికి తీసుకోవలసిన మొదటి జాగ్రత్త. శ్రీరంగం, బన్నేరుఘట్ట మాత్రం రాత్రి బస చేయవలసిన ప్రయాణాలు.

అయితే టికెట్టు కొని లోపలికి తీసుకువెళ్లినంత మాత్రాన పిల్లలకు సీతాకోకచిలుక అర్థం కాదు. నాలుగేళ్ల పిల్లకు అక్కడ మొదట కనబడేది రంగు, కదలిక. పది నిమిషాలు గడిచేసరికి ఆ రెండూ పాతబడి, ఐస్‌క్రీం ఎక్కడ అన్న ప్రశ్న మొదలవుతుంది. అదే పిల్ల అంతకుముందు తన పెరట్లోని కరివేపాకు మొక్క మీద పురుగును చూసి ఉంటే, గృహంలో ఆకుల అడుగు భాగాలను తానే వెతుకుతుంది, పెద్దవాళ్లు దాటిపోయిన గుడ్డును తానే చూపిస్తుంది. ఈ గృహాలు నిజంగా చెప్పే పాఠం రెక్కల గురించి కాదు, ఆకు గురించి. ఏ ఆకు లేకపోతే ఏ సీతాకోకచిలుక లేదో చూపించడంలోనే వాటి విలువ ఉంది. ఆ పాఠానికి తొలి మెట్టు తిరువళ్లూరు జిల్లాలో దాదాపు ప్రతి పెరట్లోనూ ఉండటం ఇక్కడి తల్లిదండ్రులకు కలిసివచ్చిన అదృష్టం.

తల్లి సీతాకోకచిలుక తన పిల్లలు తినగలిగిన మొక్క మీదనే గుడ్డు పెడుతుంది. అటువంటి మొక్కను శాస్త్రజ్ఞులు ఆతిథేయ మొక్క అంటారు. రెక్కలు వచ్చిన సీతాకోకచిలుక అనేక రకాల పువ్వుల తేనె తాగగలదు గానీ, దాని పురుగు మాత్రం పుట్టిన జాతిని బట్టి ఒకటి రెండు మొక్కలకు, మహా అయితే ఒకటి రెండు కుటుంబాలకు చెందిన మొక్కలకు పరిమితమై బతుకుతుంది, ఆ ఆకు దొరకకపోతే చుట్టూ ఎంత పచ్చదనం ఉన్నా ఆకలితో చనిపోతుంది. తల్లి ఆకును గుర్తుపట్టేది కళ్లతో మాత్రమే కాదు. దాని కాళ్ల చివర రుచిని పసిగట్టే భాగాలు ఉంటాయి, అది ఆకు మీద వాలి ముందుకాళ్లతో తడిమి, రుచి సరిపోయిన తరువాతనే పొట్ట చివరను వంచి గుడ్డును అంటిస్తుంది. ఎండ బాగా వచ్చిన ఉదయం, కరివేపాకు చుట్టూ తిరుగుతూ ఒక్కో లేత ఆకు మీద క్షణం ఆగి లేచిపోయే నల్లని సీతాకోకచిలుక కనబడితే, అది ఆ పనిలోనే ఉన్నదని పిల్లలకు చెప్పవచ్చు.

తిరుత్తణి కొండ చుట్టూ, పూండి జలాశయం కట్టల వెంట, ఉత్తరాన నాగలాపురం కొండల వైపు పొదలడవుల్లో పెరిగే మామూలు మొక్కలే ఎన్నో సీతాకోకచిలుకలకు ఆధారం. కరివేపాకు, నిమ్మ, మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ అనే పెద్ద సీతాకోకచిలుకలు పెరుగుతాయి. ఖాళీ స్థలాల్లో ఎవరూ నాటకుండానే లేచే జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్, గన్నేరు మీదా మర్రి, రావి చెట్ల మీదా గోధుమ నలుపు కలిసిన కామన్ క్రో, ఆముదం మీద కామన్ క్యాస్టర్, తంగేడు, రేల చెట్ల మీద లేత పసుపు ఎమిగ్రెంట్లు గుడ్లు పెడతాయి. మామిడి రైతు కొమ్మల మీద పరాన్నజీవిగా అతుక్కుని పెరిగే బదనికను చూసి బాధపడతాడు గానీ, రెక్కల అడుగున పసుపు ఎరుపు రంగులు దిద్దుకున్న కామన్ జెజెబెల్‌కు ఆ బదనికే పుట్టిల్లు. ఈశ్వరి తీగ, గాడిదగడపాకు అనే చేదు మొక్కలు లేనిచోట క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే రెండు ఎర్రపొట్ట సీతాకోకచిలుకలు బతకలేవు. తమిళనాడు ప్రభుత్వం 2019లో రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించిన తమిళ మరవన్, అంటే తమిళ యోమన్, పశ్చిమ కనుమల తడి అడవులకు చెందినది కాబట్టి, ఈ మైదాన ప్రాంతపు పిల్లలు దాని కోసం ఇంటి చుట్టూ వెతకడం వృథా.

కరివేపాకు మీద జరిగే కథను కొంచెం దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే గృహానికి వెళ్లేముందు పిల్లలకు చూపగలిగిన వాటిలో దీనికి మించినది లేదు. గుడ్డు ఆవగింజకన్నా చిన్నదిగా, లేత పసుపు రంగులో, గుండ్రంగా, లేత ఆకు మీద ఒంటరిగా అతికి ఉంటుంది. వేడిని బట్టి మూడు నాలుగు రోజుల్లో దాన్ని చీల్చుకుని పురుగు బయటికి వస్తుంది, వచ్చిన వెంటనే తన గుడ్డు పెంకునే మొదటి ఆహారంగా తింటుంది. ఆ తరువాత పెరుగుతున్న ఒంటికి చాలని పాత చర్మాన్ని నాలుగు సార్లు విడుస్తుంది. మొదటి నాలుగు దశల్లో అది నలుపు తెలుపు మరకలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, ఆకు మధ్యలోనే, దాక్కోకుండా పడి ఉంటుంది; పిట్టలు దాన్ని తినే వస్తువుగా లెక్కపెట్టవు. ఐదో దశలో చర్మం విడిచేసరికి ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారిపోతుంది, అప్పటిదాకా రోజూ చూసిన పిల్లలు పాత పురుగు పోయి కొత్తది వచ్చిందనుకుంటారు. ఆ ఆకుపచ్చ పురుగు తల వెనుక మెల్లగా పుల్లతో తాకితే, రెండుగా చీలిన ఎర్రని మెత్తటి కొమ్ము వంటి భాగం బయటికి పొడుచుకు వచ్చి, ఘాటైన వాసన వదిలి, క్షణాల్లో మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. అది చీమలనూ, చిన్న శత్రువులనూ బెదిరించడానికి ఈ రకం పురుగులకున్న గ్రంథి. పిల్లలకు ఒక్కసారి చూపితే చాలు, పదే పదే తాకితే పురుగు బలం వృథా అవుతుంది.

తినడం మానేసి కొమ్మ వెంట అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టిన పురుగు ప్యూపా దశకు సిద్ధమైందని అర్థం. ప్యూపా అంటే పురుగు కదలకుండా, తినకుండా, గట్టి తొడుగులో ఉండి, తన శరీరాన్ని సీతాకోకచిలుకగా మార్చుకునే దశ. కరివేపాకు పురుగు తోకను కొమ్మకు పట్టుదారంతో అతికించుకుని, నడుముకు మరొక దారం వడ్డాణంగా చుట్టుకుని, తల పైకి పెట్టి వాలి ఉంటుంది. జిల్లేడు మీది ప్లెయిన్ టైగర్ ప్యూపా నడుము దారం లేకుండా తలకిందులుగా వేలాడుతుంది. గన్నేరు ఆకు అడుగున వేలాడే కామన్ క్రో ప్యూపా అద్దంలా మెరిసే లోహపు పూతతో ఉండటం వల్ల, పిల్లలు దాన్ని ఒకసారి చూస్తే ఇక గన్నేరు చెట్టును వదిలిపెట్టరు. వారం పది రోజుల తరువాత తొడుగు పలుచబడి, లోపలి రెక్కల రంగు బయటికి కనబడిందంటే, మరుసటి ఉదయం సీతాకోకచిలుక వెలువడుతుందని చెప్పవచ్చు. వచ్చినప్పుడు దాని రెక్కలు ముడతలుపడి తడిగా ఉంటాయి. అది ఎక్కడో పట్టుకుని వేలాడి, శరీరంలోని ద్రవాన్ని రెక్కల నాళాల్లోకి పంపి వాటిని సాగదీస్తుంది, అవి గట్టిపడేదాకా గంటా రెండు గంటలు కదలదు. ఆ సమయంలో సాయం చేయాలని చేయి పెట్టిన పిల్లవాడు, తెలియకుండానే దాన్ని జన్మలో ఎగరలేనిదిగా చేస్తాడు. ఈ ఒక్క విషయం గృహానికి వెళ్లేముందే పిల్లల మనసుకు ఎక్కాలి.

కొంచెం పెద్దపిల్లలకు, ముఖ్యంగా మూడో తరగతి దాటినవారికి, ఇదే పెరట్లో మరొక వింత చూపవచ్చు. కామన్ మార్మన్ మగవాటి రెక్కలు నల్లగా, వెనుక రెక్కల మీద తెల్లని మచ్చల వరుసతో ఉంటాయి. ఆడవాటిలో కొన్ని మగవాటినే పోలి ఉంటే, కొన్ని కామన్ రోజ్‌ను, మరికొన్ని క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఉంటాయి. ఈశ్వరి ఆకులోని విషాన్ని పురుగుగా ఉన్నప్పుడే ఒంట్లో నింపుకోవడం వల్ల ఆ రెండు రోజ్‌లూ పిట్టలకు రుచించవు. ఒకసారి తిని బాధపడిన పిట్ట ఆ రంగులను మరిచిపోదు. విషం లేని మార్మన్ ఆడది ఆ రంగులను తొడుక్కుని ఆ భయాన్ని తనకు రక్షణగా వాడుకుంటుంది. ఇలా ఒక ప్రాణి మరొకదాని రూపాన్ని పోలి ఉండటాన్ని అనుకరణ అంటారు. ఇంత పెద్ద మార్పును ఆడవాటి రెక్కల మీద నడిపించేది డబుల్‌సెక్స్ అనే ఒకే ఒక్క జన్యువు అని 2014లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పొట్ట రంగు చూస్తే తేడా తెలిసిపోతుంది: నిజమైన రోజ్ పొట్ట ఎర్రగా, మార్మన్ పొట్ట నల్లగా ఉంటుంది. గృహంలో రెండూ పక్కపక్కనే తిరుగుతుంటే, ఏది అసలు, ఏది నకలు అని పిల్లలకు పెట్టే పరీక్ష, ఎంత పెద్ద బోర్డు చదివించినా రాని శ్రద్ధను తెస్తుంది.

గృహం ఎలా నడుస్తుందన్నది కూడా పిల్లలకు ఆసక్తికరమైన విషయమే. ప్రవేశం దగ్గర సాధారణంగా రెండు తలుపులు ఉంటాయి. ఒకటి మూసిన తరువాతనే రెండోది తెరవాలి, లేకపోతే సీతాకోకచిలుకలు బయటికి వెళ్లిపోతాయి. బయటికి వచ్చేచోట అద్దం పెట్టే గృహాలు చాలా ఉన్నాయి, ఎవరి జుట్టు మీదో సంచి మీదో వాలి ఉన్న సీతాకోకచిలుకను చూసుకుని లోపలే వదలడానికి. సీతాకోకచిలుక తన ఒంటిని తానే వేడిగా ఉంచుకోలేని ప్రాణి కాబట్టి, ఎగరాలంటే దాని ఛాతీలోని కండరాలు వేడెక్కాలి. చలిదేశాల్లో అందుకే గాజుగృహాన్ని వేడిచేయవలసి వస్తుంది, చెన్నై వైపు వాతావరణంలో మాత్రం వేడి సమస్య కాదు, ఎండిపోవడమే సమస్య, కనుక నీటి తుంపరలు చల్లి గాలిలో తేమ నిలుపుతారు. బాగా మగ్గిన అరటి, అనాస ముక్కలను పళ్లెంలో పెడితే కొన్ని జాతులు పువ్వులు వదిలి వాటి మీద వాలతాయి. పిల్లలు తొండం చుట్ట విప్పడం, ముంచడం, మళ్లీ చుట్టుకోవడం తీరిగ్గా చూడగలిగేది ఆ పళ్లెం దగ్గరే. రెండు సగాలు కలిసి ఒక గొట్టంగా ఏర్పడిన ఆ తొండంతో అది పీల్చగలదే గాని కొరకలేదు, కుట్టలేదు. భయపడే పిల్లలకు ఆ మాట ముందుగా చెబితే సగం భయం పోతుంది.

లోపలికి వెళ్లవలసిన వేళ ఉదయం. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్య ఎండ బాగా ఉన్నప్పుడు అవి చురుగ్గా ఎగురుతాయి, మబ్బుపట్టినా మధ్యాహ్నం ఎండ మాడ్చినా ఆకుల కిందికి చేరతాయి. తిరుత్తణి నుంచి వచ్చేవారు దారిలో ఆలస్యం చేసి మధ్యాహ్నం భోజనం ముగించుకుని లోపలికి వెళితే, ఖాళీ తోటను చూసి తిరిగి రావలసి ఉంటుంది. గృహం లోపల ఉక్కపోతగా ఉంటుంది గనుక పిల్లలకు పలుచని నూలు బట్టలు వేసి, మంచినీళ్లు తాగించి తీసుకువెళ్లాలి. ఒక పూటలో మొత్తం జంతుశాలను కాలినడకన తిప్పి, చివరలో అలసిపోయిన పిల్లలను సీతాకోకచిలుకల దగ్గరికి తెచ్చేవారు ఎక్కువ. ఆ క్రమాన్ని తిరగేసి, ఉదయం ముందుగా ఇక్కడికి వచ్చి, సింహాలనూ ఏనుగులనూ తరువాతకు ఉంచుకోవడం మేలు.

చిన్నపిల్లలందరూ ఒకేలా స్పందించరు. రెండేళ్లలోపు పిల్లలు ముఖం దగ్గరగా ఏదైనా రెపరెపలాడితే బెదిరి ఏడుస్తారు, వారిని ఎత్తుకుని తలుపు దగ్గరే కొంతసేపు నిలబడితే అలవాటు పడతారు. మూడు నుంచి ఐదేళ్లవారు వెంబడించి పట్టుకోవాలని పరుగులు తీస్తారు. ఆరేడేళ్లు దాటినవారు ప్రశ్నలు వేస్తారు. పరుగెత్తే వయసు పిల్లలకు వద్దు, కూడదు అన్న మాటలకన్నా ఒక పని అప్పగించడం బాగా పనిచేస్తుంది: కదలకుండా చేయి చాపి నిలబడి, ఏది వచ్చి వాలుతుందో చూడమనడం, నేల మీద తడిగా ఉన్నచోట ఏవి కూర్చున్నాయో లెక్కపెట్టమనడం. ఆ తడి నేల మీద మట్టిలోని లవణాలను పీల్చుకునేవి ఎక్కువగా మగవే, వర్షాకాలంలో కుశస్థలి నది ఇసుక మీదా అదే దృశ్యం కనబడుతుంది. దారి మీద వాలినవాటిని తొక్కకుండా నడవడం పిల్లలకు మొదటి నియమం కావాలి. రెక్కలను వేళ్లతో పట్టుకుంటే అంటుకునే పొడి నిజానికి రెక్కల మీది సన్నని పొలుసులు. ఆ పొలుసులే దాని రంగు. కొన్ని పొలుసులు రాలినంత మాత్రాన అది చనిపోదు గానీ, రెక్క విరిగితే, కాలు ఊడితే తిరిగి బాగుపడే శక్తి దానికి లేదు.

ఇంత అందమైన ప్రాణులను వల కింద మూసి ఉంచడం న్యాయమేనా అన్న ప్రశ్న పిల్లలే కొన్నిసార్లు అడుగుతారు, దాన్ని దాటవేయడం తగదు. చలిదేశాల్లోని గృహాలు కోస్టారికా, ఫిలిప్పీన్స్ వంటి ఉష్ణదేశాల్లోని పెంపకందారుల నుంచి ప్యూపాలను కొని తెప్పించుకుంటాయి. ఆ కొనుగోలు వల్ల అక్కడి పల్లెల్లో అడవి మొక్కలను కాపాడుకునే కుటుంబాలకు ఆదాయం వస్తుందన్నది దాని పక్షాన చెప్పే మాట. మన గృహాలు ఆ ప్రాంతపు జాతులనే, ఆ ప్రాంతపు మొక్కల మీద పెంచడం మెరుగైన పద్ధతి; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనేక సీతాకోకచిలుక జాతులను పట్టడాన్నీ అమ్మడాన్నీ నిషేధిస్తుంది కూడా. రెక్కలు వచ్చిన తరువాత చాలా జాతుల ఆయుష్షు రెండు మూడు వారాలకు మించదు, లోపల వాటికి పిట్టల, బల్లుల బెడద తక్కువ. ఏ గృహంలోనైనా పురుగులకు తగినన్ని ఆతిథేయ మొక్కలు లేకుండా, బయట నుంచి పట్టి తెచ్చిన సీతాకోకచిలుకలతో మాత్రమే ప్రదర్శన నడుపుతుంటే, అది తోట కాదు, ఆ చోటికి పిల్లలను తీసుకువెళ్లవలసిన అవసరం లేదు. ఆకులు కొరికి తిన్నట్టుగా చిల్లులుపడి ఉన్న మొక్కలు కనబడితే ఆ గృహం బాగా నడుస్తున్నదని నమ్మవచ్చు.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత పురుగును పెంచి చూడాలని పిల్లలు పట్టుబడతారు, అది చేయదగిన పనే. వెడల్పాటి సీసాకు పలుచని గుడ్డ కట్టి, కరివేపాకు రెమ్మను చిన్న నీటి బుడ్డిలో నిలిపి, పురుగు నీటిలో పడకుండా బుడ్డి మూతిని దూదితో మూసి, రెట్టలను రోజూ తుడిచి, ఆకు వాడేలోపు కొత్త రెమ్మ పెడితే చాలు. బజారులో కొన్న కరివేపాకు మీద పురుగుమందు ఉండే అవకాశం ఎక్కువ కనుక ఇంటి మొక్క ఆకే వాడాలి. కొన్నిసార్లు ప్యూపా నుంచి సీతాకోకచిలుకకు బదులు సన్నని కందిరీగలు బయటికి వస్తాయి. పురుగుగానో ప్యూపాగానో ఉన్నప్పుడే తల్లి కందిరీగ దానిలో గుడ్లు పెట్టగా, ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు దాని ఒంటినే ఆహారంగా వాడుకున్నాయి. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వాలి. ఆ తరువాత ఆ కందిరీగలే లేకపోతే నిమ్మతోటల్లో ఆకు మిగలదన్న సంగతి వివరించాలి. నిమ్మకాయల వ్యాపారానికి పేరున్న గూడూరు వైపు రైతుకు లైమ్ బటర్‌ఫ్లై లేత నిమ్మ మొక్కలను తినేసే తెగులు పురుగే తప్ప అందం కాదు, ఆ రైతు బాధలోనూ న్యాయం ఉంది. పెరటి కరివేపాకులో పది ఆకులు పురుగుకు వదలడం వేరు, నారుమడిని వదులుకోవడం వేరు.

మొక్కల దగ్గర పిల్లల భద్రత మరవకూడదు. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి తీవ్రమైన హాని జరుగుతుంది, కనుక ప్లెయిన్ టైగర్ పురుగును, దాని నలుపు తెలుపు పసుపు చారలను, ఒంటి మీద లేచిన మూడు జతల నల్లని తీగలను, ముట్టుకోకుండా నిలబడే చూపించాలి. ఆ పురుగు కూడా ఆ పాలకు జాగ్రత్తపడుతుంది: ముందు ఆకు ఈనెను కొరికి, పాల ప్రవాహం తగ్గిన తరువాత ఆ పై భాగం తింటుంది. గన్నేరు ఆకు, కొమ్మ అన్నీ విషమే. ఈశ్వరి తీగను నాటువైద్యంలో వాడటం చూసి పిల్లలకు ఆకు నమిలించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంటే మానుకోవాలి, అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఒంటినిండా వెంట్రుకలున్న గొంగళిపురుగులు చాలావరకు రాత్రిపూట తిరిగే చిమ్మటల సంతానం; వాటి వెంట్రుకలు గుచ్చుకుంటే దురద, దద్దుర్లు వస్తాయి, కాబట్టి వెంట్రుకలున్నదాన్ని తాకవద్దు అన్న నియమం పిల్లలకు సులభంగా గుర్తుంటుంది.

సందర్శనకు ఈ ప్రాంతంలో మంచి కాలం ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చిన తరువాత, కొత్త చిగుళ్లు వచ్చినప్పుడు, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. వానలకు ముందు మరొక సమయం ఉంది, దానికి టికెట్టు అక్కరలేదు. దక్షిణాదిలో బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో అనే సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా వలస వెళతాయి. సెప్టెంబరు అక్టోబరు నెలల్లో తూర్పు కొండల నుంచీ మైదానాల నుంచీ పశ్చిమ కనుమల వైపు సాగుతాయి, వేసవి చివరలో నైరుతి వానలకు ముందు తిరిగి తూర్పు వైపు వస్తాయి. దారిలో మగవి జనుము జాతి ఎండిన మొక్కల మీద వాలి, కాయల నుంచి, కాడల నుంచి ఊరే ఒక రకం క్షారపదార్థాలను పీల్చుకుంటాయి. ఆడవాటిని ఆకర్షించే పరిమళం తయారుచేసుకోవడానికీ, పిట్టల నుంచి రక్షణకూ అవి వాటికి కావాలి. బడి ఆవరణలో జనుము చల్లి, విత్తనం పండిన తరువాత కాడలను పీకేయకుండా ఎండనిస్తే, ఆ రెండు నెలల్లో ఒక్కో మొక్క మీద పదుల సంఖ్యలో బ్లూ టైగర్లు వాలడం తరగతి కిటికీలోంచే చూడవచ్చు. అవి ఏ దిక్కుకు వెళుతున్నాయో పిల్లల చేత రోజూ ఒకే వేళకు, ఒకే పావుగంటసేపు లెక్క రాయించే ఉపాధ్యాయుడికి కావలసింది ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, తూర్పు పడమరలు తెలిసిన పిల్లలు.